ఉస్కో అంటే ఉరుకుతుంది, రా అంటే రాదెందుకు?

ఊళ్ళో ఏ కుక్కకైనా ఒక్క మాట మాత్రం ఎవరూ కూర్చోబెట్టి నేర్పక్కర్లేదు: "ఉస్కో". యాభై అడుగుల దూరం నుంచి అన్నా సరే, ఎదుట ఉన్నది కోతైనా, పందైనా, పాపం కొరియర్ కుర్రాడైనా, చెవులు రిక్కించి దూసుకుపోతుంది. అదే కుక్కను అదే దూరం నుంచి "రా" అని పిలవండి. ఓసారి తల తిప్పి చూస్తుంది. మళ్ళీ తన పని తాను చూసుకుంటుంది. గొంతు అదే, దూరం అదే, చెవులూ అవే. మరి తేడా ఎక్కడ?

"ఉస్కో" అన్నప్పుడు కుక్కకు దక్కాల్సింది మన చేతిలో లేదు, ముందు పరుగెడుతున్న కోతి దగ్గర ఉంది. తరమడమే దానికి పండగ. "రా" అన్నప్పుడు దక్కేది మన దగ్గర ఉంది, అదీ ఉంటేనే. దూరం నుంచి కుక్క మాట వినడమనే వ్యవహారమంతా ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది. నేను చాలాకాలం దీన్ని గొంతు సమస్య అనుకున్నాను. కొన్నాళ్ళు పొగరు అనుకున్నాను. రెండూ కావు.

మా మల్లి వీధికుక్కే. రెండు నెలల పిల్లగా ఉన్నప్పుడు వానకి తడిసి మా గేటు సందులోంచి లోపలికి దూరింది, మళ్ళీ పోలేదు. ఇంట్లో మహా బుద్ధిమంతురాలు. కూర్చోమంటే కూర్చుంటుంది, పడుకోమంటే పడుకుంటుంది, చుట్టాలొస్తే షేక్‌హ్యాండ్ కూడా ఇస్తుంది. మా వీధి చివర చుట్టూ గోడ కట్టి వదిలేసిన ఖాళీ ప్లాటు ఒకటుంది. అక్కడ బెల్టు విప్పితే మాత్రం నేనెవరో దానికి తెలియదు. ఒకరోజు ఆ చివర సర్కారు తుమ్మ కింద ఏదో వాసన పట్టుకుని ముక్కు నేలలో పెట్టింది. "మల్లీ, రా" అన్నాను. చెవి ఒకటి ఇటు తిరిగింది, ముక్కు తిరగలేదు. మళ్ళీ పిలిచాను. ఏడోసారికి ఎదురింటివాళ్ళు కిటికీ తీసి చూసేంతగా అరిచాను. అప్పుడు వచ్చింది, తోక ఊపుకుంటూ. నేనేం చేశాను? మూతి మీద ఒక్కటిచ్చి, బెల్టు తగిలించి, ఇంటికి ఈడ్చుకొచ్చాను.

ఇప్పుడు ఇదే కథను మల్లి వైపు నుంచి చూడండి. ఆరుసార్లు పిలుపు వినకుండా ఉన్నందుకు దానికి దొరికింది మంచి వాసన. ఏడోసారి విని వచ్చినందుకు దొరికింది దెబ్బ, పైగా ఆట బంద్. ఎందుకు కొట్టానో నాకు తెలుసు, దానికి తెలియదు. కుక్క తను చివర చేసిన పనికీ, ఆ వెంటనే జరిగినదానికీ ముడి పెట్టుకుంటుంది. చివర చేసిన పని రావడం. అంటే ఆ సాయంత్రం నేను చాలా శ్రద్ధగా దానికి నేర్పింది ఏమిటంటే, ఈ మాట వినపడితే దగ్గరికి పోకూడదని.

దానికి "కూర్చో" అంటే ఏమిటి?

ఇంట్లో చిన్న పరీక్ష చేయండి. కుక్కకు బాగా వచ్చిన మాట ఒకటి ఎంచుకోండి, "కూర్చో" అనుకుందాం. దాని ఎదుట నిలబడి కాకుండా, వీపు దాని వైపు తిప్పి, గోడను చూస్తూ మామూలు గొంతుతో అనండి. చాలా కుక్కలు అయోమయంలో పడతాయి. కొన్ని చుట్టూ తిరిగి మీ ముందుకొచ్చి, అప్పుడు కూర్చుంటాయి. ఈసారి చాప మీద వెల్లకిలా పడుకుని అనండి. చాలావరకు వచ్చి మొహం నాకుతాయి.

మొండితనం కాదది. మనం మాట నేర్పామనుకున్నాం, అది మొత్తం దృశ్యాన్ని నేర్చుకుంది. యజమాని ఎదురుగా, మూడడుగుల్లో, కొంచెం ముందుకు వంగి, కుడిచేయి జేబు దగ్గర పెట్టి, నోటితో ఆ శబ్దం చేస్తే, పిర్రలు నేలకు ఆనించాలి. ఇందులో శబ్దం ఒక చిన్న ముక్క మాత్రమే. ఒకచోట నేర్చింది మరోచోట వర్తింపజేసుకోవడంలో కుక్కలు మనకన్నా చాలా వెనక. హాల్లో వచ్చిన "కూర్చో" డాబా మీద రాకపోవచ్చు. పది గజాల దూరంలో అయితే అసలు అది వేరే ప్రశ్న.

అందుకే దూరం నుంచి కూర్చోమంటే చాలా కుక్కలు ముందు పరుగెత్తుకుంటూ వచ్చి, మన కాళ్ళ దగ్గర కూర్చుంటాయి. మనం విసుక్కుంటాం. నిజానికి అది తు.చ. తప్పకుండా పాటించింది. ఎప్పుడూ ముక్క దొరికిన చోటికే వచ్చి కూర్చుంది. ఇన్నాళ్ళూ కూర్చున్నందుకు బిస్కెట్ ఇచ్చింది మన చేయి. కాబట్టి దూరం నేర్పడమంటే గొంతు పెంచడం కాదు, ఆ ముక్క దొరికే చోటును మన చేతి దగ్గర్నుంచి కుక్క కాళ్ళ దగ్గరికి మార్చడం.

దీనికి మా ఇంటి అరుగు పనికొచ్చింది. మల్లిని అరుగు ఎక్కించాను. ఎత్తు మీద ఉంటే ముందుకు జరగాలంటే దిగాలి, ఆ దిగడం దానికీ తెలుస్తుంది, నాకూ కనపడుతుంది. ఒక్క అడుగు వెనక్కి వేసి "కూర్చో" అన్నాను. కూర్చుంది. ముక్క చూపించి పిలవకుండా, దాని ముందుకాళ్ళ మధ్యకు విసిరాను. ఇంకోసారి దాని వెనక్కి విసిరాను. వెనక పడితే మరీ మంచిది, ముందుకు రావాలన్న ఆలోచనే తగ్గుతుంది. అరుగు లేనివాళ్ళు మెట్టు వాడొచ్చు, గేటుకి అవతల ఉంచి ఇటునుంచి చెప్పొచ్చు, నేల మీద గోనెసంచి పరిచి దాని మీద నిలబెట్టొచ్చు. సంచి అయితే చుట్టి ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు, ప్లాటులోనూ అదే "అరుగు" అవుతుంది.

పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగా చేస్తే ఇంకో అడుగు. వరసగా రెండుసార్లు తప్పితే దూరం సగానికి. ఇక్కడ దాదాపు అందరం చేసే తప్పొకటుంది: రెండడుగులు, మూడు, నాలుగు, ఐదు అని పెంచుకుంటూ పోవడం. కుక్కకు ఆట ప్రతిసారీ కష్టమవుతూనే ఉంటుంది, ఎక్కడో అక్కడ విసిగి లేచిపోతుంది. మూడు, ఐదు, ఒకటి, నాలుగు, రెండు అని కలిపి కొడితే కష్టం మధ్యలో తేలికవి తగిలి హుషారుగా ఉంటుంది. ఒక్క పూటకు ఐదు నిమిషాలు చాలు. ఎండాకాలం అయితే పొద్దున ఏడు లోపలే, సిమెంటు కాలకముందే.

దూరం పెంచేటప్పుడు మిగతావి తగ్గించాలన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎంత దూరం, ఎంతసేపు, చుట్టూ ఎంత గోల, ఈ మూడూ వేర్వేరు కష్టాలు. డాబా మీద ఇరవై అడుగులు వచ్చిందని సాయంత్రం పిల్లలు క్రికెట్ ఆడేచోట ఇరవై అడుగులు అడిగితే, ఒకటో ఎక్కం వచ్చినవాడిని పంతొమ్మిదో ఎక్కం అప్పజెప్పమన్నట్టే. గోల పెరిగినచోట మళ్ళీ రెండడుగులతో మొదలు.

ముక్క అంటే పొడి బిస్కెట్ కాదు. ఇంట్లో బిస్కెట్ సరిపోతుంది, బయట దానికి పోటీ మేకలు, ఎలకలు, ఎవరో పారేసిన బిర్యానీ పొట్లం. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడి కార్జం, గోరంత ముక్కలు. ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు, అవి కుక్కలకు విషం.

భేష్

దూరంతో వచ్చే ఇంకో చిక్కు సమయం. కుక్క పదిహేనడుగుల అవతల కూర్చుంది. నేను సంచిలో చేయిపెట్టి, ముక్క తీసి, విసిరేసరికి మూడు సెకన్లు. ఈలోపు అది చెవి గోక్కుంది, పక్కింటి మేడ వైపు చూసింది, లేచింది. ముక్క దేనికి పడింది? దాని లెక్కలో లేచినందుకు.

ఈ చిక్కు విడదీసే పద్ధతి అమెరికాలో పుట్టింది. మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ దగ్గర పనిచేసిన కెల్లర్, మరియన్ బ్రెలాండ్ దంపతులు 1940ల్లో జంతువులకు పనులు నేర్పడాన్నే వృత్తిగా పెట్టుకున్నారు. సరైన పని జరిగిన క్షణాన ఒక చిన్న శబ్దం చేసి, తిండి తర్వాత ఇవ్వడం వాళ్ళ కిటుకు. తర్వాత డాల్ఫిన్లకు శిక్షణ ఇచ్చేవాళ్ళకు ఇదే ప్రాణమైంది. నీళ్ళలో ఉన్న డాల్ఫిన్‌ని బెల్టు పట్టి లాగలేం, తిట్టినా దానికి పోయేదేం లేదు, బుడుంగున మునిగి అవతలికి పోతుంది. దూరం నుంచి నేర్పడం తప్ప గత్యంతరం లేని జంతువు అది. అలా డాల్ఫిన్లకు నేర్పిన కారెన్ ప్రయోర్ ఈ పద్ధతిని కుక్కల దగ్గరికి తెచ్చింది. నొక్కితే టిక్కుమనే చిన్న పరికరం, క్లిక్కర్, పెంపుడు కుక్కల ఇళ్ళల్లోకి వచ్చింది అలాగే.

నేను క్లిక్కర్ కొనలేదు. ఒక చేతిలో తాడు, ఇంకో చేతిలో ముక్కలు ఉంటే క్లిక్కర్ ఎక్కడ పట్టుకోను? "భేష్" అనే మాట పెట్టుకున్నాను. పొట్టిగా ఉంటుంది, మామూలు మాటల్లో పెద్దగా దొర్లదు. రెండు రోజుల పాటు ఏ పనీ చేయించకుండానే "భేష్" అనడం, వెంటనే ముక్క ఇవ్వడం. ఆ మాట వినగానే మూతి నా వైపు తిరిగిందంటే దానికి అర్థమైనట్టే. ఆ తర్వాత పిర్ర నేలకు తాకిన క్షణాన "భేష్" అంటే చాలు, ముక్క మూడు సెకన్లు ఆలస్యమైనా నష్టం లేదు. ఒక్క షరతు: భేష్ అన్నాక ముక్క ఎగ్గొట్టకూడదు.

మాటలు గాల్లో అరిగిపోతాయి

ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ పడిపోతుంది. కానీ మాట మొత్తం ఒకేలా తగ్గదు. అచ్చులు బలమైనవి, దూరం పోతాయి. హల్లులు బలహీనమైనవి, గాలికీ రోడ్డు రొదకీ ముందుగా అవే పోతాయి. ఇప్పుడు మన తెలుగు మాటలు చూడండి. "కూర్చో", "పడుకో". హాల్లో రెండూ వేరు. వంద అడుగుల దూరంలో రెండింటికీ మిగిలేది చివరి "ఓ". "రా", "ఆగు" రెండింట్లోనూ గట్టిగా వినపడేది "ఆ". ఒకటి దగ్గరికి పిలిచేది, ఇంకొకటి ఉన్నచోటే నిలబెట్టేది! మల్లి చాలాసార్లు నన్ను చూస్తూ తటపటాయించింది ఇందుకేనని నాకు ఆలస్యంగా తట్టింది.

మన ఇళ్ళల్లో కుక్కలతో ఇంగ్లీషే మాట్లాడతారని నేనూ నవ్వుకునేవాడిని. పిల్లల్ని తెలుగులో తిట్టేవాళ్ళు కూడా టామీతో "సిట్, స్టే, కమాన్" అంటారు. కానీ దూరం పనికి "సిట్", "డౌన్", "రా" అనే కలగాపులగం బాగానే పనిచేస్తుంది, మూడింట్లో మూడు వేర్వేరు అచ్చులు. కుక్కకు భాషాభిమానం లేదు.

ఇంకా మంచిది ఈల. ఈలకు కోపం రాదు, గొంతు బొంగురుపోదు, ఏడోసారి కూడా మొదటిసారి ఊదినట్టే ఉంటుంది. బస్సులో కండక్టర్ ఈల విన్న డ్రైవర్ వెనక్కి తిరిగి ఆయన మొహం చూడడు కదా, అంత స్పష్టంగా ఉండాలి. మనకు వినపడని "సైలెంట్" ఈలలూ అమ్ముతారు. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ 1876లో తయారు చేసిన ఈల వాటికి మూలం. మన చెవికి 20,000 హెర్ట్జ్ దాకానే వినపడితే కుక్కకు సుమారు 45,000 దాకా వినపడుతుంది. అయితే అంత సన్నని శబ్దం గాల్లో త్వరగా చచ్చిపోతుంది, పైగా సరిగా ఊదామో లేదో మనకే తెలియదు. మామూలు ఈలే నయం. కాకపోతే మన ఊళ్ళల్లో ట్రాఫిక్ పోలీసు ఈల, రాత్రి గూర్ఖా ఈల, పెళ్ళి బారాత్ ఈల అన్నీ ఉంటాయి కాబట్టి ఒక వరస పెట్టుకోవాలి. దగ్గరికి పిలవడానికి మాది రెండు పొట్టివి, ఒక పొడుగుది.

ఈలతో కుక్కను నడిపే విద్య ఎంతవరకు పోగలదో చూడాలంటే బ్రిటన్ గొర్రెల కాపరుల్ని చూడాలి. అక్కడ తొలి గొర్రెల కుక్కల పోటీగా చెప్పుకునేది 1873లో వేల్స్‌లోని బాలా ఊళ్ళో జరిగింది. బోర్డర్ కోలీ అనే జాతి కాపరి కుక్క అరకిలోమీటరు అవతల గుట్ట మీద ఉంటుంది, కాపరి కిందనుంచి ఈల వేస్తాడు. ఒక వరస వింటే మందను గడియారం ముల్లు తిరిగే దిక్కుగా చుట్టేస్తుంది, నోటితో చెప్పేటప్పుడు దాన్ని "కమ్ బై" అంటారు. ఇంకో వరసకు ఎదురు దిక్కు, అది "అవే". పొడుగు ఈలకు ఉన్నచోట నేలకు అతుక్కుంటుంది. ఒకే కాపరి రెండు కుక్కల్ని నడిపితే ఒక్కోదానికి ఒక్కో ఈల వరస.

మన దక్కన్ గొర్రెల మందల దగ్గర కుక్కల పని ఇది కాదు. గొల్ల, కురుమల మంద వెంట నడిచే కుక్క ముఖ్యంగా కాపలాదారు, రాత్రి దొడ్డి చుట్టూ పడుకుని తోడేలు వాసనకు మొరిగేది. దాన్ని దూరం నుంచి కుడీ ఎడమా తిప్పే పనే లేదు.

కోలీ గురించి నాకు ఆశ్చర్యం కలిగించేది దాని తెలివి కాదు. కాపరి దగ్గర బిస్కెట్ ఉండదు, కుక్కకు కావలసింది గొర్రెలే. మాట వింటే గొర్రెల దగ్గరికి పోనిస్తాడు. వినకపోతే అడ్డం వచ్చి గొర్రెల్ని దూరం చేస్తాడు. అంటే మొదట చెప్పుకున్న "ఉస్కో" పండగనే తెచ్చి, దాని తాళంచెవి తన చేతిలో పెట్టుకున్నాడు.

తాళంచెవి, తాడు

నాకు గొర్రెల్లేవు కానీ ప్లాటు ఉంది. "రా" అనే మాట నా పుణ్యాన చెడిపోయింది కాబట్టి దాన్ని వదిలేసి ఈల వరసతో మొదటినుంచి మొదలుపెట్టాను. హార్డ్‌వేర్ షాపులో పది మీటర్ల తాడు కొని మల్లి ఛాతీ చుట్టూ తొడిగే హార్నెస్‌కి కట్టాను. మెడ పట్టీకి కట్టకూడదు, పరుగు మీదున్న కుక్క తాడు చివరకొచ్చి ఆగితే ఆ కుదుపంతా గొంతు మీద పడుతుంది. తాడును చేతికి చుట్టుకోకూడదని నాకు ఎవరూ చెప్పలేదు, అరచేయి చెప్పింది. తాడు లాగడానికి కాదు. వినకుండా పోయి పండగ చేసుకునే అవకాశం దొరక్కుండా మాత్రమే.

పిలుపు ఒక్కసారే. రాకపోతే మళ్ళీ ఈల వేయకుండా, తాడు పట్టుకుని దగ్గరికి నడిచి, ఇంకా తక్కువ దూరంలో మొదలుపెట్టడం. వస్తే "భేష్", కార్జం ముక్క, అసలు సంగతి ఆ తర్వాత: "పో, ఆడుకో". పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు మళ్ళీ ఆ వాసన దగ్గరికే పంపాను. డేవిడ్ ప్రీమాక్ అనే మనస్తత్వవేత్త పేరుతో దీనికో సూత్రం ఉంది: ఎక్కువ ఇష్టమైన పనిని ఎర వేసి తక్కువ ఇష్టమైన పని చేయించవచ్చు. అన్నం తింటేనే ఐస్‌క్రీమ్ అనే ప్రతి అమ్మకూ తెలిసినదే. మూడో వారానికి ఈల వినగానే మల్లి మట్టి ఎగిరేలా తిరగడం మొదలైంది, ఎందుకంటే రావడమంటే ఆట ఆగిపోవడం కాదని నమ్మకం కుదిరింది.

సైగలు కూడా చేర్చాను. కుక్క కన్ను కదలని వస్తువు కన్నా కదిలేదాన్ని బాగా పట్టుకుంటుంది కాబట్టి చేయి పూర్తిగా పక్కకు చాచి ఊపాలి, పొట్ట ముందు వేలు ఆడిస్తే దూరానికి కనపడదు. దానికి నీలం, పసుపు తెలుస్తాయి, ఎరుపుకీ పచ్చకీ తేడా సరిగా తెలియదు. పచ్చగడ్డిలో ఎర్రబంతి వేసి కళ్ళు కనపడట్లేదా అని తిట్టేవాళ్ళను చూశాను. మాటా సైగా ఒకేసారి ఇస్తే కుక్క సైగనే చూస్తుంది, మాట నేర్చుకోదు. ముందు మాట, ఒక సెకను ఆగి సైగ.

అన్నిటికన్నా ఎక్కువ శ్రమ పెట్టాల్సింది మాత్రం "రా" మీద కాదు, "ఉన్నచోటే ఆగు" మీద. కుక్క పొరపాటున గేటు దాటి రోడ్డు అవతల ఉంది, మధ్యలో ఆటో వస్తోంది. అప్పుడు "రా" బాగా నేర్చిన కుక్కే ఆటో కింద పడుతుంది. అరుగు మీద నేర్పింది ఇక్కడ పనికొస్తుంది: పరిగెత్తేటప్పుడు ఒకే ఒక్క పొడుగు ఈల, చేయి పైకి, అక్కడికక్కడే కూర్చోవడం, ముక్క నేనే పట్టుకెళ్ళి ఇవ్వడం.

ఇంత తంటా ఎందుకు, కరెంటు షాక్ ఇచ్చే పట్టీలు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయిగా అని మా కాలనీలో ఒకాయన అడిగారు. దొరుకుతాయి. వేల్స్‌లో, అంటే ఆ గొర్రెల కుక్కల పోటీలు పుట్టిన చోటే, వాటిని 2010లో నిషేధించారు. నా అభ్యంతరం జాలి ఒక్కటే కాదు. దూరంలో ఉన్న కుక్కకు నొప్పి తగిలినప్పుడు అది దేన్ని చూస్తోందో మన చేతిలో ఉండదు. సైకిల్ మీద పిల్లాడిని చూస్తున్న క్షణాన తగిలితే దాని లెక్కలో కరిచింది సైకిల్ పిల్లాడే. రేపు వాణ్ణి చూసి అది ఏం చేస్తుందో ఎవరు చెప్పగలరు?

జాతి సంగతి కూడా ఉంది. లాబ్రడార్‌ని తరతరాలుగా వేటగాడి సైగ చూసి పడిన పిట్టను తెచ్చివ్వడానికి పెంచారు, మనిషి వైపు తిరిగి చూడటం దాని రక్తంలో ఉంది. ముధోల్ వేటకుక్క కళ్ళకు కుందేలు ఆనితే సొంతంగా తరమడానికి పెరిగింది. మన వీధికుక్క ఎవరి మాటా వినకుండానే వేల ఏళ్ళు బతికింది. కాబట్టి పక్కింటి లాబ్రడార్ నెలలో నేర్చిందని దిగులుపడక్కర్లేదు.

మల్లికి ఇప్పుడు ప్లాటు ఈ చివర నుంచి ఆ చివరకు, సుమారు నలభై అడుగులు, ఈలకు ఆగడం వచ్చు. మేక ఎదురుగా ఉన్నా ఆగుతుంది, మొహం మాడ్చుకుని అయినా. పిల్లి కనపడితే మాత్రం ఈల, భేష్, కార్జం అన్నీ గాలికే. అందుకే ప్లాటు గోడ మీద ఆ నల్లపిల్లి కూర్చుని ఉన్న రోజున నేను తాడు విప్పను.